ఉరుము చప్పుడు

“మళ్లీ తప్పింది!” మేనకోడలు గిటార్ ఒళ్లోంచి దించేసింది. “ఈ పాత రాక్ రికార్డులో ఉరుములా మోగుతుందే, ఆ చప్పుడు మాకు రావట్లేదత్తా. ఇప్పటి బ్యాండ్లన్నీ దానికోసమే కొట్టుకుంటున్నాయి. నలభై ఏళ్ల కిందట ఎలా తీశారో మహానుభావులు!”

గుమ్మంలో నిలబడ్డ అత్త లోపలికి వచ్చింది. ఆ రోజుల్లో తన కచేరీకి వచ్చినవాళ్లంతా “ఏమిటీ గోల?” అంటూ మధ్యలోనే వెళ్లిపోయారని ఆమె గిటార్ వదిలేసి కుట్టుమిషను పట్టుకుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పనేలేదు.

“తీగల కింద గరిటె కాడ దూర్చాను,” అంది మెల్లగా.

“నువ్వా అత్తా?!”

వంటింట్లోంచి గరిటె వచ్చింది. అత్త వాయిస్తుంటే ఇల్లు దద్దరిల్లింది. మేనకోడలి బ్యాండులో డ్రమ్ములు వాయించే పిల్ల ఎగిరి గంతేసింది.

పక్కింటాయన పరుగెత్తుకొచ్చాడు. “ఏమిటండీ ఈ గోల?”

అప్పట్లో ఆ మాటకే ఆమె వారం రోజులు ఏడ్చింది. ఇప్పుడు పకపకా నవ్వింది.

“మా పాటండీ! కూర్చోండి, మళ్లీ వాయిస్తాం.”