అరవై నాలుగు సంతకాల కాగితం

"చావు మాట రాయకన్నా. శుభమా అని అర్జీ పెట్టుకుంటున్నం" అంది కిష్టమ్మ.

టైలర్ వెంకటేశ్వర్ పెన్ను ఆపాడు.

"మరెట్ల రాయాలె చెల్లె? ముఖ్యాధికారి సారు తల్లి పోయి ఇంకా నెల గాలే. సొంతూరు ఆష్టికి పోయి దినాలు చేసి మొన్ననే డ్యూటీల చేరిండు. పలకరించకుంట నేరుగ గతిరోధక్ కావాలె అంటే, మనం మనుషులమేనా?"

గతిరోధక్ అంటే స్పీడ్ బ్రేకర్. ప్రాణహిత ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఇంట్లో తెలుగు, నగర పంచాయతీ ఆఫీసులో మరాఠీ. బజారు మరాఠీ అందరికీ వచ్చు గానీ కాగితం మరాఠీ వేరు. అది వీధి మొత్తంలో తనకొక్కడికే వచ్చని వెంకటేశ్వర్ నమ్మకం. చదివింది నది అవతల తెలుగు బడిలో, అదీ ఏడో తరగతి. అయినా ఆ నమ్మకానికి ఏ లోటూ రాలేదు.

కిష్టమ్మ అంగన్‌వాడీలో ఆయా. రోజూ పద్దెనిమిది మంది పిల్లల్ని రోడ్డు దాటిస్తుంది. మెయిన్ రోడ్డు గుంతలు పడ్డప్పటి నుంచి అల్లపల్లి వైపు పోయే లారీలన్నీ ఇళ్ళ మధ్యలోంచే దూసుకుపోతున్నాయి. పోయిన నెల నాలుగేళ్ళ కాజల్‌ను లారీ ముందు నుంచి లాగబోయి తాను కిందపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. పిల్లకు గీత కూడా పడలేదు. కిష్టమ్మకు మాత్రం ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు.

"ఇగ ఒక్కటే చెయ్యున్నదన్నా. మల్లొకసారి గట్లయితే ఏ చేత్తోని గుంజాలె?"

మూడేళ్ళలో మూడు అర్జీలు పెట్టారు. మూడింటికీ 'నిధి లేదు' అన్నదే జవాబు. ఇది నాలుగోది.

చావు మాట రాకుండా, మర్యాద తగ్గకుండా వెంకటేశ్వర్ మొదటి వాక్యం మరాఠీలో రాసి, తెలుగులో చదివి వినిపించాడు. 'వార్డు ప్రజలందరం తమరి పట్ల తీవ్ర సంతాపం వ్యక్తం చేస్తున్నాం.' ఆ తర్వాత పిల్లలు, లారీలు, మూడు గతిరోధకాలు.

"మరాఠీల గిట్లనే అంటరా?" అని అడిగింది కిష్టమ్మ.

"పెద్ద పెద్ద మాటలన్నీ రెండు భాషలల్ల ఒక్కటే చెల్లె. నువ్వేం పరేషాన్ గాకు."

వీధిలో అరవై నాలుగు మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టారు.

మూడేళ్ళుగా ప్యూను కూడా తొంగిచూడని వీధికి, అర్జీ ఇచ్చిన నాలుగో రోజున ముఖ్యాధికారే స్వయంగా వచ్చాడు. వెనక ఇంజనీరు, ఇద్దరు పోలీసులు.

"అయ్యో, గంత దుఃఖంల గూడ వచ్చిండు సూడుర్రి" అని ఎల్లక్క కొంగుతో కళ్ళొత్తుకుంది.

వెంకటేశ్వర్ సైగ చేశాడు. ఇళ్ళలో ఉన్నవాళ్ళంతా బయటికొచ్చి, చేతులు కట్టుకుని, పెదవి విప్పకుండా నిలబడ్డారు. రెండు నిమిషాల మౌనం. టీవీలో చూసి నేర్చుకున్నదే. ముఖ్యాధికారి ఆ ముఖాల్ని ఒక్కొక్కటిగా చూసి, రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. తల్లి గుర్తొచ్చింది కాబోలు, పాపం అనుకున్నారు.

"ఎనిమిది రోజుల్లో పని అయిపోవాలి" అన్నాడాయన ఇంజనీరుతో మరాఠీలో.

"నిధి లేదు సర్."

"ఊరి ముందర కమానుకు పెట్టింది ఉంది కదా? కమాను తర్వాత కట్టుకోవచ్చు. ఈ రోజే ప్రతిపాదన మార్చు."

కిష్టమ్మ ముందుకొచ్చి, కట్టు కట్టిన చేత్తోనే దండం పెట్టబోయింది. చెయ్యి లేవలేదు. ఏమైందని ఆయన అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన కాసేపు ఆ కట్టు వంకే చూసి, నిజంగానే తల దించుకున్నాడు.

"నాకెవ్వరూ చెప్పలేదమ్మా. మాఫ్ చెయ్యండి."

గంత పెద్దమనిషి తన ముందు తల వంచడం కిష్టమ్మ జన్మలో ఎరగదు.

ఎనిమిదో రోజుకు మూడు గతిరోధకాలు పడ్డాయి. తొమ్మిదో రోజు పొద్దున కిష్టమ్మ బాగున్న చెయ్యి పైకెత్తింది. మట్టి లారీ ఒకటి గుర్రుమంటూ వచ్చి, నెమ్మదించి, ఆగింది. పద్దెనిమిది మందీ ఒకరి అంగీ ఒకరు పట్టుకుని నింపాదిగా దాటారు. అవతలి గట్టు చేరాక కిష్టమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. సారు కడుపు చల్లగుండాలని, ఆయన పిల్లాజెల్లా బాగుండాలని నోరారా దీవించింది.

వీధి తరఫున వెంకటేశ్వర్ దండ పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. ముఖ్యాధికారి అతన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"మీ వార్డులో సంతాప్ ఇంకా ఉందా?"

"యాడికి పోతది సర్? పానమున్నన్ని దినాలు ఉంటది. మా పిల్లలకు గూడ చెప్పిపోతం" అన్నాడు వెంకటేశ్వర్, తనకొచ్చిన మరాఠీలో.

ముఖ్యాధికారి గ్లాసెడు నీళ్ళు తాగాడు.

"ఇంకా ఏమేం కావాలి మీకు?"

"ఏమొద్దు సర్. మీరు జర పైలం. గంతే సాలు."

మర్నాడే రోడ్డు మీద తెల్ల చారలు పడ్డాయి. 'మెల్లగా వెళ్ళండి' అని బోర్డు వచ్చింది, కొత్త వీధిదీపం కూడా. దేవుడసుంటి మనిషని వీధంతా ఒకటే మాట.

ఆ ఆదివారం, చామోర్షిలో మరాఠీ టీచరు చదువు చదువుతున్న వెంకటేశ్వర్ కూతురు అరుణశ్రీ ఇంటికొచ్చింది. సంగతంతా విని, సారుకు పంపే కృతజ్ఞతల కాగితం తాను రాస్తానంది. పాత అర్జీ నకలు తీసి మొదటి వాక్యం చదివింది. మళ్ళీ చదివింది. కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది.

"ఏందే బిడ్డా? తప్పు రాసిన్నా?" అన్నాడు వెంకటేశ్వర్ కంగారుగా.

"అక్షరం గూడ తప్పు లేదు" అంది అరుణశ్రీ కళ్ళు తుడుచుకుంటూ.

"గని మరాఠీల సంతాప్ అంటే కోపం, బాపూ."