తిరుపతికి గంటంబావు

“తిరపతి సేనా దూరం కదా బాబూ. ఎల్లేదాకా ఆడి గుండె బతుకుతాదా?” అడిగింది పైడితల్లి. లారీ గుద్దిన కొడుకు మెదడు చచ్చిపోయిందన్నారు గానీ, ఆమె అరచేతి కింద గుండె కొట్టుకుంటూనే ఉంది. దాన్ని తీసి తిరుపతిలో ఓ రోగికి పెడతామంటున్నారు.

“విమానంలో గంటంబావేనమ్మా. ఎయిర్‌పోర్టు దాకా పోలీసులు బళ్లన్నీ ఆపేస్తారు,” అన్నాడు ఆస్పత్రి ఆఫీసరు దేవీప్రసాద్.

“బస్సులు కూడా ఆపేత్తారేటి?”

“మంత్రిగారి కారైనా ఆగాల్సిందే!”

“నిన్న కంచరపాలెం కాడ ట్రాఫిక్కులో, అంబులెన్సులో గంటసేపు తన్నుకున్నాడు బాబూ. ఒక్క ఆటో పక్కకి జరగనేదు.”

దేవీప్రసాద్ గడియారం చూసుకున్నాడు. “అప్పుడతను మామూలు పేషెంటమ్మా.”

పైడితల్లి కొడుకు నుదుటిమీది జుట్టు వెనక్కి దువ్వింది.

“అయితే కోసుకోండి బాబూ. ఈపాలైనా ఆడికి దారిత్తారు.”