కంప్యూటర్ చూపిన నీళ్లు

"గంగాధరా, ఆ లారీతో బోరేసేది ఆపించప్పా!" తిప్పన్న రొప్పుతా వచ్చినాడు.

"ఎందుకన్నా? మన ఊరి కింద నీళ్లుండాయని వ్యవసాయ ఆఫీసు కంప్యూటరే చెప్పింది. ఎద్దులమ్మి తెప్పించినా."

"దానికెట్ల తెలుసు? మొన్న బోర్ల సర్వేకొచ్చినోళ్లకు మనం చెప్పిందే కదా దాంట్లోకెక్కించింది! నా బోరు ఎప్పుడో ఎండిపాయ. నిజం చెప్తే ఎండిన బోరుకు కరెంటెందుకని పీకేస్తారని భయపడి, నీళ్లుండాయంటి."

గంగాధర్ తిరిగి బోరు దిక్కు చూసినాడు.

"నేనూ అట్లే చెప్పినా అన్నా. అబద్ధం నాదొక్కటే, కడమోళ్లంతా నిజమే చెప్పింటారనుకుంటి."

"ఇంకెవరినన్నా అడుగుదామా?" తిప్పన్న ఊరి దిక్కు చెయ్యి చూపించినాడు.

ఊర్లోకి పోయి అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపాయ.

వెనకాల, బోరులోంచి తెల్లటి పొడి దుమ్ము లేస్తానే ఉండాది.