పడవ మూతి

నాలుగోసారి కూడా పడవ మూతే పగిలింది.

బుక్కరాయసముద్రం చెరువు కట్ట రాళ్లకు గుద్దుకుని, బుడగలు వదులుతూ మోకాలి లోతు నీళ్లలో మునిగిపోయింది.

ఓబులేసు రేడియో పెట్టెను కట్ట మీద పెట్టి, ప్యాంటు మడుచుకుని నీళ్లలోకి దిగాడు. అతను అనంతపురంలో పాలిటెక్నిక్ వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరు. రెండు నెలల్లో బెంగళూరులో రేడియోతో నడిపే పడవల పందెం ఉంది. పందెంలో పడవలు ఒకదాన్నొకటి గుద్దుకోక మానవు. వరసగా రెండేళ్లు అతని ఫైబర్‌గ్లాసు పడవ మొదటి దెబ్బకే పగిలి ఇంటికొచ్చింది.

ఈసారి బెంగళూరు ల్యాబులో పనిచేసే స్నేహితుడు పాపన్న, కార్బన్ దారంతో నేసిన నల్లగుడ్డ మూడు గజాలు ఇచ్చాడు. విమానాలకు వాడే రకమన్నాడు. ఆ గుడ్డను అచ్చు మీద పరిచి, రెజిన్ జిగురు పూసి, ఎండబెడితే పడవ తయారవుతుంది.

తయారవుతూనే ఉంది. పగులుతూనే ఉంది.

"గుడ్డ తప్పుగా ఏసినావు సార్."

కట్ట మీద ముసలాయన. పంచె, భుజాన తువాలు. పోయిన ఆదివారం కూడా ఇట్లే పొద్దున వచ్చి, పొద్దు వాలేదాకా కూర్చుని పోయాడు.

ఓబులేసుకు చిర్రెత్తింది.

"పోయినవారం గూడా ఇదే మాట చెప్తివి. నీకేం తెలుసప్పా దీని గురించి?"

"మూతి కాడ కత్తెరతో కోసి అతికించినావు. కోసిన కాడే పగులుతాండాది."

"కోయకుంటే గుడ్డ వంపు తిరగదు. ముడతలు పడతాది."

"నిలువుగా పరిస్తే తిరగదు సార్. మూలకు తిప్పి, ఏటవాలుగా పరుచు. అదే ఒంగుతాది. కత్తెరతో పనే లేదు."

ముసలాయన కట్ట దిగి వచ్చాడు. పగిలిన మూతిని రెండు చేతుల్లోకి తీసుకుని, చీలిన అంచును వేలితో తడుముతూ నిలబడ్డాడు.

"ముట్టుకోవద్దు. పోగులు చేతికి గుచ్చుకుంటాయి."

"తెలుసు," అన్నాడు ముసలాయన.

ఆ మాటతో ఓబులేసు ఓపిక నశించింది. పడవను లాక్కున్నాడు.

నిన్న కాలేజీలో ప్రిన్సిపాలు అడిగాడు, నీ పడవ నీళ్ల మీద పోతాదా, నీళ్ల కింద పోతాదా అని. స్టాఫ్‌రూమంతా నవ్వింది. ఇంట్లో భార్య రామసుబ్బమ్మ రెజిన్ వాసన పడలేక వంట వసారాలోకి మార్చుకుంది. ఉన్న మూడు గజాల్లో ఇంకొక్క పడవకు సరిపడా గుడ్డే మిగిలింది. ఇప్పుడు ఈ దారిన పోయే మనిషి పాఠం చెప్తున్నాడు.

"సూడప్పా. ఇరవై ఏండ్లుగా వర్క్‌షాపులో చేస్తాండా. తప్పు నా చేతిది కాదు, గుడ్డది. ఏ దేశంలో నేసినారో గానీ, నేసినోనికి పని రాదు. ఇట్లా గుడ్డ నేసేదానికంటే వాడు ఇంట్లో కూర్చోనుంటే మేలు."

ముసలాయన వేళ్లకంటిన నల్లపోగులు ఏరి పారేశాడు.

తువాలు దులిపి భుజాన వేసుకుని, కట్ట ఎక్కి, బస్సు రోడ్డు వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

పీడ విరగడయిందనుకున్నాడు ఓబులేసు.

ఆ వారం మిగిలిన గుడ్డను ఏటవాలుగానే పరిచాడు. నమ్మి కాదు. ముసలాయన మాట తప్పని తేల్చి, మళ్లీ వస్తే మొహాన చెప్పాలని.

గుడ్డ మూతి చుట్టూ చర్మంలా అతుక్కుంది. ఒక్క ముడత లేదు. కత్తెర ముట్టుకునే అవసరమే రాలేదు.

ఆదివారం చెరువులో పడవను పూర్తి వేగంతో కట్ట రాళ్ల మీదికి తోలాడు.

టంగున మోగి వెనక్కి వచ్చింది.

మళ్లీ తోలాడు. పది సార్లు తోలాడు. రంగు గీసుకుపోయింది, అంతే.

ఓబులేసు కట్ట మీదికి చూశాడు. ఎవరూ లేరు.

ఆ తర్వాతి ఆదివారం కూడా రాలేదు. టీ అంగడిలో అడిగితే, ఆయన ఈ ఊరి మనిషే కాదన్నారు.

ఆ వారమే పడవను సంకన పెట్టుకుని బెంగళూరు బస్సెక్కాడు. పందేనికి ఇంకో పడవ చేతిలో ఉంటే మంచిదనిపించింది.

పాపన్న పడవ మూతిని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా సంతోషపడ్డాడు.

"ఇంకో మూడు గజాలు ఇప్పించు," అన్నాడు ఓబులేసు.

"ఇంక లేదురా. నేసే మనిషి మానేసినాడు."

"మనిషేంది? ఫారిన్ గుడ్డ గదా ఇది?"

"దారం మాత్రమే ఫారిన్‌ది. మన ధర్మవరంలో పట్టు మగ్గం మీద నేయించినాం. ఆ దారం గట్టిగా లాగితే తెగుతాది, పోగులు లేచి ఒళ్లంతా దురద. ఏడుగురు మా వల్ల కాదని వాపసు ఇచ్చినారు. తిప్పయ్య అని ఒక పెద్దాయన ఆర్నెల్లు కూర్చోని నేసినాడు."

"మరెందుకు మానేసినాడు?"

"ఏమో. రెండు వారాల కిందట మిగిలిన దారం తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఇంక నేయనన్నాడు. ఎంత అడిగినా కారణం చెప్పలేదు. మగ్గం గూడా విప్పేసినాడంట."

ఓబులేసు పడవను మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఆయప్ప ఎట్లుంటాడు పాపన్నా?"

"నువ్వు చూసే ఉండాల గదరా," అన్నాడు పాపన్న. "నేసిన గుడ్డ ఏమయిందో ఒకసారి కండ్లతో చూసుకుంటానని అడిగితే, నీ అడ్రసు రాసిచ్చింది నేనే."