గీత పడని గుడ్లు

కాకులకీ కోడిపుంజులకీ పోరు ఎంత ముదిరినా, గుడ్ల జోలికి మాత్రం ఎవరూ పోకూడదని ఒప్పందం. అయినా ముసురు పట్టిన రోజే కాకులు వచ్చిపడి, ఎర్రపెట్ట పొదుగుతున్న గంపలోంచి ఎండుగడ్డంతా లాగేశాయి. పైన కప్పిన తాటాకులూ చీల్చేశాయి. పెట్ట రెక్కలు ఎంత పరిచినా వాన లోపలికి కొట్టింది. తెల్లారేసరికి గుడ్లు చల్లబడిపోయాయి.

విచారణకి కొంగ వచ్చింది.

"ఆ గడ్డిమీదే వీళ్ల పుంజులూ వెచ్చగా పడుకుంటున్నాయి. అందుకే లాగేశాం. గుడ్డు ఒక్కటి ముట్టుకుంటే ఒట్టు," అంది కాకుల పెద్ద.

కొంగ గుడ్లన్నీ తిప్పి చూసింది. "నిజమే, గీతైనా పడలేదు. ఒప్పందం ఎవరూ మీరలేదు."

పెట్టకి ఒళ్లు మండిపోయింది.

"నిన్నటిదాకా నేను పిలిస్తే పెంకులోంచే కియ్‌కియ్‌మని పలికేవి. గీత పడలేదు కదా? ఏదీ, ఇప్పుడు నువ్వు పిలువు! ఒక్కటి పలికినా నీ తీర్పుకి తలొంచుతాను."