అరటికాయ పరీక్ష

"చెక్కు తీయడం అలాగా? సగం కాయ తొక్కతోనే పోతోంది!" కంపాలా ఆసుపత్రి మంచం మీంచి నంబోజే అవ్వ కసిరింది.

పక్షవాతం వచ్చిన మూడు నెలల్లో ఆమె కుడిచేత్తో ఏ పనీ చేయలేదు. ఇవాళ ఆ చేత్తో పని చేయిస్తేనే, రోగులకు రోజువారీ పనులు మళ్ళీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపీలో నకిములి చదువు పూర్తయ్యేది. ఎగ్జామినర్ పక్కనే నిలబడ్డాడు.

నకిములి ఇంకో కాయ పాడుచేసింది.

"ఇటివ్వవే, చేతకానిదానా!" అవ్వ కుడిచేత్తో కత్తి లాక్కుని, వణుకుతూనే కాయంతా చెక్కేసింది.

'పాస్' అని రాసుకుని ఎగ్జామినర్ వెళ్ళిపోయాడు. నకిములి ముసిముసిగా నవ్వుకుంది.

"నన్ను బుట్టలో వేశాననుకున్నావా? నీ వేళ్ళనిండా నల్లబడ్డ పాత అరటిజిగురు మరకలే. రోజూ చెక్కేదానివని నాకు తెలీదూ?"

"మరి కత్తెందుకు లాక్కున్నావ్ అవ్వా?"

"నా చెయ్యి పోతే పోయింది. నువ్వు ఫెయిలైతే ఎలాగే?"