ఇంకా పోలేదే అమ్మాయ్

కోర్దొబా నగరం పాతపేటలోని ఆ ఇల్లు అరాసెలి కొనుక్కుని చాలా ఏళ్ళయింది. కానీ దాన్ని అమ్మిన ముసలి ఫ్వెన్సాంత బతికున్నన్నాళ్ళూ అందులోనే ఉంటుంది. ఆమె పోయాకే ఇల్లు అరాసెలి చేతికొస్తుంది. ఒప్పందం అదీ.

రోజూ పని నుంచి వస్తూ అరాసెలి ఇనుప గేటు పట్టుకుని లోపలికి చూసేది. మండువా గోడల నిండా పూలకుండీలు. ముసలామె పొడుగాటి కర్రకు కట్టిన డబ్బాతో పైవరసకు నీళ్ళు పోస్తూ నవ్వేది.

"ఇంకా పోలేదే అమ్మాయ్! రేపు రా."

"చాల్లే పెద్దమ్మా, నిండు నూరేళ్ళూ ఉండు," అంటూనే అరాసెలి నిమ్మచెట్టు కింద తన కుర్చీ ఎక్కడ వేసుకోవాలో చూసుకునేది.

నడివేసవిలో ముసలామె పోయింది. నెల తిరిగాక తాళంచెవి వచ్చింది. ఆమె పోయినప్పటి నుంచి అటువైపు రాని అరాసెలి, ఆ రాత్రే ఒక్కతే వెళ్ళి గేటు తీసింది. నీళ్ళు పోసేవాళ్ళు లేక మొక్కలన్నీ మాడిపోయి ఉంటాయనుకుంది.

మల్లెల వాసన గుప్పుమంది. గోడలన్నీ విరగబూసి ఉన్నాయి. పైవరస కుండీల నుంచి టప్, టప్‌మని నీటిచుక్కలు రాలుతున్నాయి. నిమ్మచెట్టుకు ఆనించిన కర్రను ముట్టుకుంది. చెయ్యి పట్టే చోట వెచ్చగా ఉంది.

భయం కంటే ముందు ఏడుపొచ్చింది అరాసెలికి.

"ఇంకా పోలేదా, పెద్దమ్మా?"

చుక్కల చప్పుడు ఆగిపోయింది.

అరాసెలి వెనక్కి నడిచి వీధిలోకి వచ్చింది. గేటు దగ్గరకు వేసి, ఎప్పటిలాగే ఊచలు పట్టుకుని, ఆ పూలను కళ్ళారా చూసుకుంది.

"సరేలే. రేపొస్తా."

లోపలి నుంచి గడియ మెల్లగా పడింది.